నా పేరు దగ్గర ఖాళీ

సెప్టెంబరు 9, మంగళవారం

యశోదమ్మ ఫోన్‌లో మా శేఖర్ మాట్లాడాడు.

మళ్లీ రాస్తున్నాను. యశోదమ్మ ఫోన్‌లో మా శేఖర్ మాట్లాడాడు.

ఎరువుల అంగడి వాళ్లు ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచి గూట్లో ఊరికే పడి ఉంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక తీశాను. ఐదో తరగతితో ఆగిపోయిన చేయి. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

యశోదమ్మ పెరుగు తెచ్చింది. గడప దగ్గరే నిలబడి, "రెండు ముద్దలన్నా తినక్కా. ఎట్లయిపోయినావో అద్దంలో చూసుకున్యావా?" అంటోంది. అప్పుడు ఆమె కొంగు ముడిలోంచి వాడి గొంతు వచ్చింది. "నీళ్లొచ్చినాయప్పో! ఇప్పుడు వంతు..." తర్వాత, "శేఖర్." తర్వాత, "మడవ తిప్పుకో."

జలుబు చేసినప్పటి గొంతు. వాడి పేరు వాడే చెప్పుకుని, చివర్లో నవ్వు ఆపుకున్న చప్పుడు.

పెరుగు గిన్నె కింద పడింది. ఎవరి చేతిలోంచి పడిందో తెలియదు. ఆగస్టులో, నంద్యాల నుంచి బండి మీద ఇంటికి వస్తున్నవాణ్ని శిరివెళ్ల దాటాక లారీ కొట్టింది. గుడ్డ కప్పి తెచ్చి వాకిట్లో దించినప్పుడు కూడా నా ఒళ్లు ఇట్లా చల్లబడలేదు. అప్పుడు వాడు మాట్లాడలేదు కదా.

"పొరపాటైపాయనక్కా," అని యశోదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ ముందర మోగగూడదని అందరం ఫోన్ల గొంతు తగ్గిచ్చుకోని తిరుగుతాండాం. ఈ పొద్దు మర్చిపోతి."

అందరం అంది. అంటే ఊరంతా వాడి మాట వింటోంది. నాకొక్కదానికే తెలియదు.

సెప్టెంబరు 10

ఆ యాప్ చేస్తున్నప్పుడు వాణ్ని నేను చూశాను. "మడవ" అని పేరు పెట్టాడు, గట్టు తెరిచి నీళ్లు మడిలోకి తిప్పే చోటు పేరే. కాలువకు నీళ్లు తక్కువ వచ్చిన ఏడు, మా పిల్లకాలువ కింద ఎవరి పొలానికి ఎప్పుడు వంతో తేలక పారలు ఎత్తుకునేదాకా పోయింది. అందుకని చేశాడు. ఒకరి మడి తడిశాక ఫోన్‌లో నొక్కితే, తర్వాత వంతు ఎవరిదో అందరి ఫోన్లలో పిలుస్తుంది. అంతవరకే నాకు తెలుసు. నాది గుండీల ఫోన్, అందులో రాదు.

పిలిచే గొంతు వాడిదే అని ఎవరూ చెప్పలేదు. వాడూ చెప్పలేదు.

సెప్టెంబరు 13, శనివారం

గీత నంద్యాల నుంచి వచ్చింది. అన్నాచెల్లెళ్లది ఇద్దరిదీ కంప్యూటరు పనే, వేరే వేరే ఆఫీసుల్లో. వచ్చీ రాగానే అడిగాను.

"నీకు తెలుసా?"

తల వంచుకుంది. తెలుసు.

"ముక్కలు ముక్కలుగా చెప్పి పెట్టినాడమ్మా. 'నీళ్లొచ్చినాయప్పో' ఒక ముక్క. పేరు ఒక ముక్క. 'మడవ తిప్పుకో' ఒక ముక్క. మూడూ అతికిచ్చి ఫోన్ పలుకుతాది. ఆయకట్టు కింద ఎంతమంది ఉండారో అన్ని పేర్లూ చెప్పినాడు."

"వాని పేరు ముక్క నాకియ్యి."

"కాపీ చేసిస్తా."

"కాపీ గీపీ కాదు. ఆన్నుంచి తీసి ఇయ్యి. పిలిచేటోడూ వాడే, పలకాల్సినోడూ వాడే, పలికేది లేదు. ఊరు వింటాంటే నాకొద్దు. ఆ నవ్వు నాది."

గీత చాలాసేపు ఒడిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. తర్వాత తన పాత టచ్ ఫోన్ నా చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఇకనుంచి మా వంతు వచ్చినప్పుడు పేరు దగ్గర ఏమీ పలకదట. అన్న రాసింది ఖాళీ వస్తే దాటుకుని పోతుందట, ఏమీ కాదట.

సెప్టెంబరు 14

ఈరోజు వినలేదు.

సెప్టెంబరు 15

పొద్దున ఒక్కసారి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే. అది విన్నట్టు కాదు.

సెప్టెంబరు 16

వినలేదు. యశోదమ్మ వస్తే వినిపించాను. ఆమె కోసం.

సెప్టెంబరు 28, ఆదివారం

యశోదమ్మ మొగుడు ఓబయ్య కొత్త ఫోన్ కొన్నాడు. అందులో మడవ తెరుచుకోవడం లేదట. కొత్త ఫోన్లు కొన్నవాళ్లందరిదీ అదే కథ. కాలువ చివర పొలం ఓబయ్యది, మా తర్వాత వంతు. పైవాళ్లు ఆదమరిస్తే మొదట ఎండేది అతని మడే.

"వదినా, నీ కొడుకు మంచి పని చేసిపాయ, కానీ అది పాత ఫోన్లకే పనికొస్చాది. పాప చదివింది గదా, దాన్ని చెయ్యమను. వచ్చే నెలకు పైరు పొట్ట మీదికొస్చాది. నీళ్లు తప్పితే తాలే."

గీతతో ఫోన్‌లో చెప్పాను. తను చేస్తానంది. పైన కనపడేదంతా కొత్తగా తన భాషలో రాస్తుందట.

"మరి వాడు రాసింది?"

"అది లోపల ఉంటాదిలేమ్మా. నేను తీయను."

"ప్రమాణం చెయ్యి."

"అమ్మా, నాకూ అన్నే గదా వాడు," అంది. ఫోన్ పెట్టేసింది.

అక్టోబరు 2, గురువారం

దసరా. ఊళ్లో బండ్లు కడిగి కుంకుమ పెడుతున్నారు. మా వసారాలో వాడి బండి నిలిపేచోట నూనె మరక ఉంది.

అక్టోబరు 5, ఆదివారం

ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోయాను. శిరివెళ్ల వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నంద్యాల. పక్కనామె నా చెయ్యి పట్టుకుని ఉంది. ఎవరో తెలియదు. పేరు అడగలేదు.

వాడు రాసింది తీయలేదని కంటితో చూడాలని పోయాను. గీత హాస్టల్లో మంచం మీద కూర్చోబెట్టి చూపించింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఒక పక్క వాడిది, జావా అంట. ఇంకో పక్క గీతది, కోట్లిన్ అంట. చదవలేను కానీ చూడగలను. వాడి వైపు ప్రతి వరుస చివరా ఒక చుక్క, దాని కింద చిన్న తోక. గీత వైపు చివర ఏమీ లేవు.

"వాడు ప్రతి మాటా ముగిచ్చినాడే. నువ్వేందీ, అట్లే వదిలేసినావు?"

చాలా రోజుల తర్వాత గీత నవ్వింది. "వాడూ ఇట్లే అనేటోడమ్మా. నాది షోకుల భాష అంట. నేను వాని దాన్ని ముసిలి భాష అనేదాన్ని. దానికి చాంతాడంత పొడుగు రాయాల. నాదైతే రెండు మాటల్లో అయిపోతాది."

"మరి రెండూ ఒక ఫోన్‌లో ఎట్లా కాపురం చేస్తాయి? ఒకరిది ఒకరికి తెలుస్చాదా?"

"పైకే వేరేమ్మా. లోపలికి పోయినంక రెండూ ఒకటే మాదిరి అయిపోతాయి. నాది అడుగుతాది, వానిది చెప్తాది. వంతు ఎవరిదన్నా అంటే, ఫలానావాళ్లది అంటాది. గొంతు ఇయ్యన్నా అంటే, ఇస్తాది."

అడుగుతుంది, చెబుతుంది. నాకు అది చాలు.

గీత వైపు అక్కడక్కడా ప్రశ్న గుర్తులు ఉన్నాయి. వాటిని గుర్తుపట్టాను, బళ్లో నేర్చుకున్నవే. ఇవేందని అడిగాను.

"నాది అనుమానం భాషమ్మా. ఏదన్నా లేకుండా పోయే పనైతే ముందే ప్రశ్న గుర్తు పెట్టమంటాది. పెట్టకుంటే ఉందనే నమ్ముతాది. వానిది అట్లగాదు. ఉండేదీ లేనిదీ ఒకే తీరుగా రాసి కడుపులో పెట్టుకుంటాది."

"వాని నుంచి వచ్చేదాన్ని గూడా అనుమానిస్చాదా?"

"లేదు. అన్న చెప్పినాడంటే నాది గట్టిగా అడగదు. పెట్టాలనుకుంటే నేనే పెట్టుకోవాల."

ఆ మాట దగ్గర ఆగి, తెర మీద ఒకచోట చూస్తూ ఉండిపోయింది. నేను చెనిక్కాయల పొడి డబ్బా ఇచ్చి వచ్చేశాను. గీత కొంచెం చిక్కినట్టు ఉంది. తిరుగు బస్సులో గుర్తొచ్చింది, తిన్నావా అని అడగలేదు.

అక్టోబరు 12, ఆదివారం

గీత వచ్చి అందరి ఫోన్లలో కొత్త మడవ వేసింది. ఓబయ్య వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటే ఒక్కొక్కరే ఫోన్ పట్టుకుని వచ్చారు, టీకాలకు వచ్చినట్టు. నా టచ్ ఫోన్‌లో కూడా వేసింది.

ఓబయ్య పేరుకు వాడు చెప్పి పెట్టిన ముక్క వినిపించింది. "ఓబయ్య చిన్నాయనా, నిద్ర లేయి. మడవ తిప్పుకో."

అందరూ నవ్వారు. "ఊరంతటికీ పేర్లు, నాకు మాత్రం సుప్రభాతం," అని ఓబయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమట కాదు.

ఏమీ పోలేదు. వాడు ఉన్నాడు. అందరి దగ్గరా ఉన్నాడు.

అక్టోబరు 14

పైపొలాల వంతులు మొదలయ్యాయి. వంట చేస్తూ వింటున్నాను. ఎవరెవరినో పిలుస్తున్నాడు. రెండు గ్లాసుల బియ్యం పోశాను. నా ఒక్కదానికి ఎక్కువే.

అక్టోబరు 23, గురువారం

పొద్దున ఓబయ్య వాకిట్లో నిలబడి అరిచాడు. అతను నా మీద గొంతు ఎత్తడం ఇదే మొదటిసారి.

"ఎవురు రాసినారు వదినా ఇది? ఎవురు రాసినారంట? ఆ ఫోన్ పిలుస్చాదని నమ్మి కొలిమిగుండ్లకు చుట్టాల ఇంటికి పోతి. నీళ్లొచ్చినాయి, పోయినాయి. మొత్తం వంకలోకి పోయినాయి! నా మడి నోరు తెర్చుకోని ఉండాది, పోయి చూడు!"

నిన్న పైవాళ్లు వాళ్ల మడి తడిశాక నొక్కారట. తర్వాత వంతు మాది. నొక్కగానే అందరి ఫోన్లలో మడవ టపీమని మూసుకుపోయింది. తెరిస్తే మళ్లీ మూసుకుపోయింది. నాదాంట్లో కూడా. నేను చార్జింగ్ లేదేమో అనుకున్నాను. మాది పల్లం, తడి నిలిచింది. ఓబయ్యది మెరక.

పోయి చూశాను. నా కాలి బొటనవేలు పోయేంత పగుళ్లు. పొట్ట మీద ఉన్న వరి.

"మీవోడు ఉన్నన్నాళ్లూ ఒక్కసారన్నా ఇట్లయిందా?" అన్నాడు ఓబయ్య, ఈసారి నెమ్మదిగా. "ఇంగ ఆ గొంతూ వద్దు, ఏమీ వద్దు వదినా. తీపిచ్చు."

గీత మధ్యాహ్నం బస్సుకే వచ్చింది. దాని మొహం చూసి కూడా, వాడైతే ఇట్లా చేసుండడు అన్నాను. అన్నాను. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండొచ్చు.

అన్నం పెడితే చేయి కడుక్కోలేదు. కంప్యూటరు సంచి తగిలించుకుని ఆళ్లగడ్డ ఆటో ఎక్కింది.

అక్టోబరు 24

గీత ఫోన్ ఎత్తలేదు. వాడి ముక్క విన్నాను. విన్నాను. విన్నాను.

అక్టోబరు 25, శనివారం

గీత వచ్చింది. ఎందుకు ఆగిందో దొరికిందట. చెప్పకుండా కంప్యూటరు సంచి సర్దుతూ ఉంది.

"చెప్పు పాపా. నేనేమీ అననులే."

"మన వంతు రాంగనే నాది అన్న దాన్ని అడిగిందమ్మా. శేఖర్ అనే పేరుకు గొంతు ఇయ్యన్నా అని. అన్న రాసింది ఖాళీ చెయ్యి చూపిచ్చింది. ఆడ ముక్క లేదు గదా. పాతదైతే దాటుకోని పోయేది. నాది ఉందని నమ్ముకున్యాది. లేదనేసరికి నిలువునా కూలిపాయ. అందరి ఫోన్లలోనూ."

నేను కూర్చున్నచోటే ఉన్నాను. చేతిలో టచ్ ఫోన్ ఉంది. అందులో ఆ ముక్క ఉంది. ఓబయ్య మడి పగుళ్లు కళ్ల ముందు కనపడుతున్నాయి. ఫోన్ బండరాయిలా బరువెక్కింది. కింద పెట్టాలనుకున్నాను, వేళ్లు విడలేదు.

"నేను తీసుకున్యందుకా?"

"నువ్వు తీసుకున్యందుకు కాదు."

"మరెందుకు?"

"నాకు తెలుసమ్మా." గీత గొంతు చిన్నప్పటి గొంతులా అయిపోయింది. "ఆడ ఖాళీ ఉండాదని నాకు ముందే తెలుసు. తీసింది నేనే గదా. ఒక్క ప్రశ్న గుర్తు. అంతే పని. నువ్వు నంద్యాల వచ్చినప్పుడు గూడా ఆ వరుసే తెరిచి ఉండాది. అన్న గొంతు ఉంటాదో లేదో అని నా చేత్తో రాయాల. చెయ్యి రాలేదు. రేపు పెడదాం, రేపు పెడదాం అనుకుంటా వచ్చిన. నీకు వాడు కొడుకు. నాకు ఎవురూ కాదా? అందరూ వచ్చి నీ చెయ్యే పట్టుకున్యారు. నన్నెవురూ అడగల్యా."

ఎవరూ అడగలేదు. నేను కూడా.

లేచి అన్నం కలిపి ముద్ద దాని నోటికి పెట్టాను. తింది. మళ్లీ పెట్టాను. రెండు గ్లాసుల బియ్యం అన్నం ఇద్దరికీ సరిపోయింది.

అక్టోబరు 28

ఆళ్లగడ్డ ఆఫీసుకు పోయి వచ్చాను. పొలం వాడి పేరు నుంచి నా పేరుకు మారుతుంది. సంతకమా, వేలిముద్రా అని అడిగారు. రాస్తానన్నాను.

నవంబరు 2, ఆదివారం

తూము దగ్గర అందరూ కూడారు. గీతా నేనూ పోయాం. ఆగింది ఎందుకో గీత చెప్పబోతుంటే నేనే చెప్పాను. వాడి పేరు ముక్క నేను తీయించుకున్నానని, అందుకే అందరి నీళ్లూ పోయాయని చెప్పాను. ఓబయ్య పారతో గట్టు గీకుతున్నాడు.

"అట్లయితే మిషన్ గొంతు పెట్టిచ్చు వదినా," అన్నాడు చివరికి. "అదైతే చావదు గదా."

అని నాలిక కరుచుకున్నాడు.

"పెట్టిస్చా," అన్నాను. "ఎవరి ముక్క వాళ్లకు ఇప్పిస్చా, నేను తీసుకున్యట్లే ఇండ్లకు తీసుకోని పోండి. ఓబయ్యా, ముందు నువ్వు రా. నీ నిద్ర లేయి ముక్క నీకిప్పిస్చా."

ఓబయ్య కాలువ వైపు చూశాడు.

"నేను ఇంటికి తీస్కపోయి ఏం చేసుకోనూ? యశోద యాడ లేపుతాది నన్ను," అన్నాడు. వెనకనుంచి యశోదమ్మ, "ఏనుగు తొక్కినా లేయడక్కా ఈ మనిషి!" అంది. నలుగురూ నవ్వారు. "సరే. ఒక్క వంతు చూస్చా. మళ్లీ తప్పిందంటే మాత్రం తీసేయాల్సిందే. అప్పుడు నన్ను అనొద్దు."

ఒక్క వంతు. అది మాదే. మా దగ్గర ఆగకుండా ఓబయ్య దాకా పోవాలి.

ఇంటికి వచ్చి గీత కంప్యూటరు తెరిచింది. వాడి పేరు తీసి నా పేరు ఎక్కించింది. ఉమామహేశ్వరమ్మ. కానీ నా పేరుకు ముక్క లేదు. పొలం వాడిది కాబట్టి వాడి పేరే చెప్పి పెట్టుకున్నాడు.

"అన్న చెప్పినవాట్లో ఎక్కడా నీ పేరు లేదమ్మా. అన్నీ విన్నా."

"ఎట్లుంటాదే? వాడు నన్ను ఎప్పుడన్నా పేరు పెట్టి పిలిచినాడా?"

"నేను చెప్పి పెడతా మరి."

"నువ్వు మాత్రం పిలుస్చావా, అమ్మను పట్టుకోని పేరుతో?"

ఇద్దరికీ నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు.

"ఖాళీగానే ఉండనీ," అన్నాను. "వాడు పెట్టని పేరు ఎవురూ పెట్టొద్దు. ఆ గుర్తు మాత్రం పెట్టు."

గీత ఆ వరుస తెరిచింది. వేలు గుండీ మీదికి పోయి ఆగింది. మళ్లీ పోయి ఆగింది.

"లేడు కదా పాపా," అన్నాను. ఆ మాట నా నోటితో అనడం ఇదే మొదలు. "ఏదీ, యాడ నొక్కాలో చూపిచ్చు."

చూపించింది. ఒక గుండీ అది పట్టుకుంది, పక్క గుండీ నేను నొక్కాను. వంకర తిరిగి, కింద చుక్కతో, ప్రశ్న గుర్తు వచ్చి కూర్చుంది. దాని తర్వాత గీత ఇంకొక వరుస రాసింది. ఖాళీ వస్తే కూలొద్దు, ఒక్క ఊపిరి ఆగు, తర్వాత పలుకు అని దాని అర్థమట.

నవంబరు 10

రేపు మా వంతు రావచ్చు. ఫోన్ చార్జింగ్ పెట్టాను. పార కడిగి పెట్టాను.

నవంబరు 11, మంగళవారం

పొద్దున్నే పొలం పోయాను. గట్టు మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. అవతల ఓబయ్య తన మెరక మీద పార ఆనించుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఇద్దరం ఫోన్లే చూస్తున్నాం. పైపొలం వాళ్లు నొక్కినట్టున్నారు, తెర వెలిగింది.

"నీళ్లొచ్చినాయప్పో! ఇప్పుడు వంతు..."

ఖాళీ.

మూసుకుపోతుందని ఊపిరి బిగపట్టాను. కాలువ నీళ్ల చప్పుడు వినపడింది. అవతలి గట్టు మీద ఓబయ్య ఫోన్ కూడా నోరు మూసుకుని ఉంది. అందరి ఫోన్లలోనూ అదే ఖాళీ. అది నా పేరని ఆయకట్టంతా తెలుసు.

"వస్చాండా నాయనా," అన్నాను.

"మడవ తిప్పుకో," అన్నాడు.

లేచి తిప్పాను. మట్టి తీస్తుంటే నీళ్లు ముందు పాదాల మీదికి వచ్చి, తర్వాత మడిలోకి పోయాయి. మడి తడిశాక మడవ కట్టేసి, ఫోన్‌లో నేనే నొక్కాను. అవతలి గట్టు మీద వాడి గొంతు గట్టిగా మోగింది.

"ఓబయ్య చిన్నాయనా, నిద్ర లేయి!"

పొద్దుటినుంచీ రెప్ప వేయకుండా నిలబడిన ఓబయ్య పార పైకెత్తి, "లేచినాలే రా, లేచినాలే!" అని కాలువ దద్దరిల్లేలా అరిచాడు. నీళ్లు అతని పగుళ్ల వైపు తిరిగాయి.

సాయంత్రం గీత ఫోన్ చేసింది. మొదట నేనే, తిన్నావా అని అడిగాను.

ఈరోజు ఆ ముక్క వినలేదు. నిజంగానే.